మూతి చూపెట్టి చెప్పుండ్రి

నా చెవులు బాగానే పనిచేస్తున్నాయని కరోనా వచ్చేదాకా నా గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే కొట్లాటకు దిగేవాణ్ని. నాకు వినపడలేదంటే అది ఎదుటివాడి తప్పు. ఈ కాలపు మనుషులకు నోరు తెరిచి మాట్లాడటం చేతకాదు. అన్నం నములుతూ మాట్లాడతారు, ఫోను చూస్తూ మాట్లాడతారు, పక్కగదిలో ఉండి మాట్లాడతారు. పైగా "బాపూ, నీకు ఇనబడుతలేదా" అని నన్నే అడుగుతారు. దానికి నా దగ్గర ఒక రుజువు ఉండేది. "నాకు చెవుడైతే మీ అవ్వ మాట ఎట్ల ఇనబడుతుందిరా?" అనేవాణ్ని. మా ఇంటిదాని మాట నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడేది మరి. ఆ మాట అనగానే మా కొడుకు నోరు మూసుకునేవాడు. కోడలు నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయేది. నేను గెలిచాననుకునేవాణ్ని.

మాది గంభీరావుపేట దగ్గరి పల్లె. గుంటెడు భూమి లేని ఇల్లు. మీసాలు రాకముందే సిరిసిల్ల వచ్చి సాంచల కార్ఖానాలో చేరాను. సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. ఒక్క సాంచ నడిస్తేనే పక్కింట్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. అలాంటివి ఒక రేకుల షెడ్డులో వరసలుగా పొద్దంతా నడిచేవి. పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. కొత్తగా పనికి వచ్చినవాడే అరుస్తాడు. నాలుగు రోజులు గొంతు పోగొట్టుకుని వాడు కూడా మాలాగే అయిపోతాడు. గొంతు పెట్టకుండా మూతిని సాగదీసి మాట్లాడతాడు, ఎదుటివాళ్ల మూతి చూసి మాట తెలుసుకుంటాడు.

మూతి కనపడనంత దూరంలో ఉంటే చేతి సైగలు. మీసం మెలేసినట్టు చేస్తే సేటు వస్తున్నాడని. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. బొటనవేలు మూతికి ఆనిస్తే చాయ్‌కి పోదామని. వీటన్నిటికంటే ముఖ్యమైన సైగ ఒకటి ఉండేది. రెండు చేతులూ వేళ్లు విప్పి పైకెత్తి, గభాలున కిందికి దించాలి. సాంచ నడుస్తున్నది, చెయ్యి తియ్యి అని దాని అర్థం. ఎవరైనా పరధ్యానంగా నడుస్తున్న సాంచలో చెయ్యి పెట్టబోతే చూసినవాళ్లు ఆ సైగ చేసేవాళ్లు. దానికి ఎదురు ప్రశ్న ఉండదు. ముందు చెయ్యి తియ్యాలి, ఎందుకు ఏమిటి అన్నది తర్వాత. పోగును మోసుకుంటూ ఇటూ అటూ పరుగెత్తే నాడె తగిలి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మా వాడలోనే ఉన్నారు. అందుకని ఆ సైగ కనపడగానే మా చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేవి.

పెళ్లయిన కొత్తలో మా ఇంటిదాని గొంతు గలగలమనేది. బతుకమ్మకు ఆమె పాట ఎత్తుకుంటే వాడలోని ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. నేను కల్లు దుకాణం దగ్గర కూర్చున్నా సరే, అంతమందిలో ఆ గొంతు ఆమెదని తెలిసిపోయేది. తర్వాత ఆమె కూడా మా కార్ఖానాకే పనికి వచ్చింది. గోడవారన కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే నాడెలో పెట్టే దారపు చుట్ట. నేను అటు తిరిగి పనిలో ఉంటే ఖాళీ కండె ఒకటి వచ్చి నా వీపున తగిలేది. తిరిగి చూస్తే ఆమె మూతి కదిలేది. "పిల్లకు జరమున్నది, నువ్వు జెర ముందుగాల ఇంటికి పో." మా సంసారమంతా అక్కడే, ఆ మోతలోనే, ఇంకెవరికీ తెలియకుండా మాట్లాడుకున్నాం. కొట్లాటలు కూడా అక్కడే తేల్చుకున్నాం.

పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆమెకు నన్ను నోరారా పిలిచే అలవాటు రాలేదు. నిమ్మకాయో, తువ్వాలో, చిక్కుడుకాయో, చేతికి ఏది అందితే అది వచ్చి నా వీపున పడేది. కండెలు విసిరీ విసిరీ చెయ్యి అలా పాడైందిలే అని సర్దుకున్నాను. ఒకసారి పక్కింటామె వచ్చి "మీ ఇంట్ల మీరిద్దరు కొట్లాడుడే ఇనబడదేందక్కా, గింత మంచిగుంటరా" అన్నదట. ఆ సంగతి ఆమే నాకు చెప్పి నవ్వింది. నేను మాత్రం మీసం దువ్వుకున్నాను.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు సిరిసిల్లలో సాంచలన్నీ ఆగిపోయాయి. ఊరు ఊరే మూగబోయిందని, ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదని మా వాడవాళ్లు అన్నారు. నాకు పెద్ద తేడా ఏమీ అనిపించలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

ఆ తర్వాత మనుషుల మూతులకు గుడ్డలు వచ్చాయి. అంతే, లోకమంతా నాతో గొణగడం మొదలుపెట్టింది. కిరాణా దుకాణంవాడు గొణిగేవాడు. మందుల షాపువాడు గొణిగేవాడు. ఏమన్నావని రెండుసార్లు అడిగితే వాడు విసుక్కుంటాడు, కళ్లు చూస్తే తెలుస్తుంది. అందుకని ఊరికే తల ఊపేవాణ్ని. తల ఊపితే మనుషులకు సంతోషం. ఆ తల ఊపుడుతోనే ఒకసారి కందిపప్పుకు పోయి పుట్నాల పప్పు తెచ్చాను. మా ఇంటిది సంచీ విప్పి చూసి నా మొహం చూసింది. "పోనీ తియ్యి, చట్నీకైతది" అన్నది.

మా కోడలు ఆశా కార్యకర్త. రోజూ ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు చూసి వచ్చేది. ముసలివాళ్లం మేమిద్దరం ఉన్నామని ఇంట్లో కూడా మాస్కు తీసేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లకు దండం పెట్టాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండేది. గుమ్మం దగ్గర నిలబడి నావైపు చూస్తుంది, ఆ గుడ్డ లోపల ఏదో కదులుతుంది, పోతుంది. నన్నే ఏదో అంటున్నదని నా అనుమానం. ఇన్నేళ్లూ మామా మామా అని తిరిగిన పిల్లకు ఇప్పుడు నేను బరువయ్యానన్నమాట. ఒకరోజు పట్టలేక అరిచాను.

"ఏంది గా గొణుగుడు? చెప్పేదేదో మొఖం మీద చెప్పు!"

ఆమె బిత్తరపోయింది. వాకిట్లోకి దూరంగా జరిగి, మాస్కు గడ్డం కిందికి లాగింది. "బువ్వకు రమ్మంటున్న మామా. రొట్టె సల్లారుతుంది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తల దించుకుని పోయి రొట్టె తిన్నాను. అప్పుడు కూడా నాకు వెలగలేదు. మాస్కు తీస్తే మాట గట్టిగా వస్తుంది కాబోలు అనుకున్నాను.

బజారులో ఒక మూసేసిన దుకాణం అరుగు మీద మా సాంచల దోస్తులు నలుగురు కూర్చునేవాళ్లు. మనిషికీ మనిషికీ మధ్య బారెడు దూరం, మూతులకు గుడ్డలు. నవ్వితే కళ్లు మూతబడేవి, దాన్నిబట్టి నేను కూడా నవ్వేవాణ్ని. ఒకరోజు నేను అలా నవ్వితే అందరూ నావైపు అదోలా చూశారు. ఎవరో చనిపోయిన సంగతి చెప్పుకుంటున్నారని ఇంటికి వచ్చాక కొడుకు చెబితే తెలిసింది. ఆ తర్వాత నేను అరుగు వైపు పోలేదు. ఆ ఏడాది నాకు తిండికి లోటు లేదు, జబ్బు రాలేదు, వేళకు మందులు వేసుకున్నాను. అయినా బతికినట్టు లేదు. మా ఇంటిది ఒక్కతే నా ముందు మాస్కు పెట్టుకునేది కాదు. ఎవరేం అన్నారో రోజూ నా ఎదురుగా కూర్చుని చెప్పేది. అదే నాకు పేపరు, అదే టీవీ.

మరుసటి ఎండాకాలం మా బిడ్డ కోరుట్లలో బండల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు, విమానాలు లేక రాలేకపోయాడు. బిడ్డ బీడీలు చేసుకుని బతికే మనిషి, కాలు కదపకుండా ఎన్నాళ్లు కూర్చుంటుంది? వండిపెట్టడానికి మా ఇంటిది కోరుట్ల పోయింది. పోయేముందు కోడలితో గుమ్మంలో చాలాసేపు మాట్లాడింది. నా మందుల గురించి అనుకున్నాను.

ఆమె పోయాక ఇల్లు నాకు మొత్తానికే మూసుకుపోయింది. కొడుకు ఫోనులో వీడియో పెట్టి చూపించేవాడు. ఆ చిన్న అద్దంలో ఆమె మూతి వేలిగోరంత కనపడేది. అది కూడా మధ్యలో ఆగిపోయేది. నేను తల ఊపేవాణ్ని. ఆమె నుదురు కొట్టుకునేది.

ఒక పొద్దున కొడుకు నన్ను భుజం తట్టి లేపి, మాస్కు తీసి, నా ఎదుట కూర్చున్నాడు. "బాపూ, అవ్వకు దమ్ము అస్తుందట. జగిత్యాల దవాఖానల వేసిండ్రు. అక్కకు కూడా పాజిటివే. మనమే పోవాలె." వాడు ఎప్పుడూ నాతో అంత నిదానంగా మాట్లాడలేదు. ప్రతి మాటా నాకు అందింది. అందకపోతే బాగుండేదనిపించింది.

మోటారుసైకిలు మీద పోయాం. పోలీసులు ఆపినచోటల్లా కొడుకు కాగితం చూపించాడు. కొండగట్టు దగ్గరికి వచ్చినప్పుడు బండి నిదానం చేసి గుట్ట వైపు చూసి దండం పెట్టుకున్నాడు. నేను కూడా పెట్టుకున్నాను. దేవుడికి ఏం మొక్కాలో కూడా నాకు తోచలేదు. ఆమెను ఇంటికి పంపు, అంతే అన్నాను.

దవాఖాన గేటు దగ్గర కొడుకు బండి నిలపడానికి పోయాడు. తలనుంచి కాలిదాకా తెల్ల తొడుగు వేసుకున్న మనిషి నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పాడు. తల ఊపాను. ఇంకేదో అడిగాడు. మళ్లీ ఊపాను. అతను చెయ్యి చూపించిన వైపు నడిచిపోయాను. అది జ్వరమొచ్చినవాళ్లు పరీక్షకు నిలబడే లైను. కొడుకు నన్ను వెతుక్కుని వచ్చేసరికి ఆ లైనులో దగ్గేవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. "దమ్ము అస్తుందా అని అడిగితే అస్తుందని తల ఊపినవట! ఏంది బాపూ ఇది!" అని వాడు అందరిలో అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. ఎవరినీ పోనివ్వడం లేదు. ఒక నర్సు బయటికి వచ్చి కొడుకుతో చాలాసేపు మాట్లాడింది. మా వాడి మొహంలో రంగు పోయింది. నావైపు తిరిగి మాస్కు కిందికి లాగాడు.

"అవ్వ ఆక్సిజన్ మాస్కు ఉంచుకుంటలేదట. ఊకె తీసేసి ఏదో చెప్పబోతదట. దమ్మందక మాట బయటికి అస్తలేదు, వీళ్లకు సమజైతలేదు. తీసినప్పుడల్లా ఆక్సిజన్ పడిపోతుందట. గిట్లనే తీసుకుంటపోతే కష్టమంటున్నది బాపూ. చేతులు కట్టేసుడు వాళ్లకు ఇష్టం లేదట."

నాకు ఒళ్లంతా మంట పుట్టింది. ఇంత మొండితనమా? ఊపిరి పోతుంటే కూడా మాట్లాడాలా ఈ మనిషికి? బతికినన్నాళ్లూ మాట్లాడింది చాలలేదా? ఆమెను ఒక్కసారి చూపించమన్నాను. అరిచే ఉంటాను, అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు. నర్సు కాసేపు ఆలోచించి, దవాఖాన వెనక్కి రమ్మని చెయ్యి ఊపింది.

వెనకవైపు వార్డు కిటికీలు నేలకు దగ్గరగానే ఉన్నాయి. అద్దాలు బిగించి ఉన్నాయి. నా ముందే అక్కడ ఇద్దరు ముగ్గురు నిలబడి లోపలికి చూస్తున్నారు, అద్దానికి చేతులు ఆనించి. నర్సు చూపించిన కిటికీ దగ్గర నిలబడ్డాం. రెండో మంచం మీద మా ఇంటిది ఉంది. మూతి, ముక్కు కలిపి మాస్కు, దానికి గొట్టం. వెనక్కి ఒరిగించి కూర్చోబెట్టారు. జుట్టు చెదిరిపోయి ఉంది. ఆమెను అలా జుట్టు చెదిరి నేనెప్పుడూ చూడలేదు. కళ్లు మూసుకుని ఉంది.

నేను అద్దం మీద కొట్టాను. చూడలేదు. అప్పుడే లోపల ఆమె చెయ్యి లేచింది. మెల్లగా పోయి మాస్కు అంచు పట్టుకుంది. అప్పటికి లోపలికి పోయిన నర్సు అవతలి మంచం దగ్గర వేరే రోగిని చూస్తున్నది. నేను అద్దం పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా చేత్తో చరిచాను. ఆమె కళ్లు తెరిచి ఇటు చూసింది.

నేను ఆలోచించలేదు. నా రెండు చేతులూ వాటంతటవే లేచాయి. వేళ్లు విప్పి పైకెత్తి, గభాలున కిందికి దించాను.

సాంచ నడుస్తున్నది, చెయ్యి తియ్యి.

ఆమె చెయ్యి చప్పున మాస్కు మీదినుంచి జారి ఒళ్లో పడింది. ఎప్పుడో వదిలేసిన కార్ఖానా, అయినా ఆ చెయ్యికి గుర్తుంది. ఆమె తన చేతినే ఒకసారి చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. కళ్లు చికిలించింది. అది నవ్వు అని నాకు తెలుసు.

మూతి మూసి ఉంది కాబట్టి చేతులతోనే మొదలుపెట్టింది. ముందు అయిదు వేళ్లు కలిపి నోటి దగ్గరికి తెచ్చి నావైపు చూపించింది, తిన్నావా అని. తిన్నానన్నాను. అబద్ధం. ఆమె చెయ్యి అడ్డంగా తిప్పింది, నమ్మనని. దమ్ము అందక మధ్యమధ్య ఆగుతున్నది. నేను వేళ్లతో మూతి దగ్గర మాస్కు లాగినట్టు చేసి అడిగాను. ఎందుకు తీస్తున్నావు అది? ఏం చెప్పాలి వాళ్లకు?

ఆమె నన్ను చూపించింది. తన చెవి మీద వేలితో తట్టింది. అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపింది, లేదు అని. తర్వాత అటు నిలబడిన నర్సును చూపించి, వేళ్లు తెరిచి మూసి, ఆమె ఏదో చెబుతున్నట్టు చేసింది. ఆ తర్వాత నాలాగా తల ఊపింది. అచ్చం నాలాగా, కళ్లు పెద్దవి చేసి, గంగిరెద్దు ఊపినట్టు. మళ్లీ నన్ను చూపించింది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ మనిషి దమ్ము అందని స్థితిలో పదేపదే మాస్కు లాగి నర్సులకు చెప్పబోయింది ఈ ముక్క. నా మొగడు వస్తాడు. అతనికి వినపడదు. మీరేం చెప్పినా ఊరికే తల ఊపుతాడు. అతనికి మూతి చూపెట్టి చెప్పుండ్రి. కోరుట్ల పోయేముందు గుమ్మంలో కోడలికి చెప్పింది కూడా ఇదేనేమో.

నాకు సిగ్గేసింది. దుఃఖం వచ్చింది. కోపం అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. దీనికా ఊపిరి తీసుకుంటున్నావు! నా చెవుల కోసమా! అద్దం అవతలి మనిషిని తిట్టడానికి నాకు సైగలు చాలలేదు. ఆమె అన్నీ చూస్తూ కూర్చుంది. నేను తిట్టడం అయ్యాక కొడుకును ముందుకు లాగి చూపించాను. వీడున్నాడు. వీడు వింటాడు, వీడు మూతి చూపించి నాకు చెబుతాడు. నేను తల ఊపను. నువ్వు మాత్రం, అని మళ్లీ ఆ రెండు చేతుల సైగ చేశాను. ఆమె రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడివేసి చూపించింది. సరే అని.

నర్సు మంచం పక్కన నిలబడి ఇదంతా చూసిందట. సాయంత్రం బయటికి వచ్చి కొడుకును అడిగిందని వాడే చెప్పాడు.

"అవ్వ, తాత ఇద్దరూ మూగోళ్లా?"

"కాదు మేడం. సాంచల మీద పనిచేసినోళ్లు" అన్నాడట మా వాడు. ఆమెకు ఏం అర్థమైందో ఏమో. మర్నాటినుంచి నాతో మాట్లాడాల్సి వస్తే మాత్రం కిటికీ అవతల నిలబడి, చేతులతో చెప్పడానికి చూసేది. ఆమె సైగలు ఘోరంగా ఉండేవి. ఒకరోజు మీసం మెలేసి చూపించింది, డాక్టరు వస్తున్నాడనేమో. అది మా ఇంటిదే నేర్పిందని తర్వాత తెలిసింది.

జగిత్యాల దగ్గరే సారంగాపూర్‌లో మా మేనల్లుడి పొలం దగ్గర ఒక గది ఉంటే అందులో ఉండి, పొద్దున్నే వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాణ్ని. ఎండ నెత్తికి ఎక్కేదాకా మాట్లాడుకునేవాళ్లం. బిడ్డకు జ్వరం తగ్గిందని చెప్పాను. మేనల్లుడి భార్య కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుందని చెప్పాను. ఆమె పక్క మంచం ముసలామె గురించి చెప్పింది. ఆమె పేరు కూడా మా ఇంటిదానికి తెలియదు, ఇద్దరివీ మూసిన మూతులు. ఒకరోజు ఆ మంచం ఖాళీగా ఉంది. ఆమె అటు చూసి మళ్లీ నావైపు తిరిగింది. చేతులు మాత్రం మాస్కు మీదికి పోలేదు.

ఆమెను ఇంటికి పంపారు. దేవుడు నా మాట విన్నాడో, ఆమె చేతులు విన్నాయో నేను చెప్పలేను. సిరిసిల్లకు తెచ్చాక చాలా రోజులు మంచం దిగలేదు. నేను వాకిట్లో కూర్చుని ఆమెకు పట్టడానికి జావ చల్లారుస్తుంటే, ఒకరోజు వీపున ఏదో తగిలింది. చూస్తే నిమ్మకాయ. తిరిగి చూస్తే గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. నేను జావ గిన్నె కింద పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "ఏందయ్యా, గంత గట్టిగ తగిలిందా?" అన్నది.

ఆ తర్వాత నాకు చెవుడు అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానంటే, కొంచెం మందం అని ఒప్పుకున్నాను. మాస్కులు తగ్గాక మా బిడ్డ పట్టుబట్టి జగిత్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఏవో మోతలు వినిపించి, నేను చెయ్యి ఎత్తనప్పుడల్లా తల అడ్డంగా ఊపాడు. "ఇన్నేండ్లు ఎట్ల నెట్టుకచ్చినవు తాతా?" అన్నాడు. "అందరి మాట తెల్వది గని, మా ఇంటిదాని మాట మంచిగనే ఇనబడుతది సార్" అన్నాను. ఆయన నవ్వి, చెవి మిషన్ పెట్టాడు.

అక్కడినుంచి నేరుగా కోరుట్లకు, బిడ్డ ఇంటికి పోయాం. మా ఇంటిది అప్పటికే అక్కడ ఉంది. దారి పొడుగునా నాకు పిచ్చెక్కింది. బస్సు ఇంత గోల చేస్తుందని మరిచేపోయాను. నా చెప్పులు చప్పుడు చేస్తున్నాయి. ఇంట్లోకి పోయి కూర్చుంటే ఫ్యాను కిర్రుమంటున్నది. బిడ్డ చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకులు కత్తిరించడం మొదలుపెట్టింది. కత్తెర చప్పుడు ఎంత ముద్దుగా ఉంది! పక్కవాళ్ల కోడి, వాకిట్లో బకెట్టులో పడే నల్లా నీళ్లు, బిడ్డ దగ్గు. ఒక్కొక్కటీ ఏమిటని అడిగాను. బిడ్డ నవ్వుతూ చెబుతున్నది.

మా ఇంటిది నాకెదురుగా మంచం మీద కూర్చుని ఉంది. నా చెవి వైపు చూసింది. మూతి కదిలింది. "మంచిగున్నదా? నొస్తుందా?"

నాకేం వినపడలేదు. అన్నది తెలిసింది, వినపడలేదు. ఫ్యాను వినపడుతున్నది, కత్తెర వినపడుతున్నది, ఆమె మూతి ఆడుతున్నది. అంతే. మిషన్ మీద చెయ్యి పెట్టి తట్టాను. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. మళ్లీ అంతే.

"ఖరాబు మిషన్ అంటగట్టిండు!" అని అరిచాను. "అన్ని ఇనబడుతున్నయి, మీ అవ్వ మాటే ఇనబడుతలేదు! ఇంతసేపు మంచిగనే ఉండె గదా!"

బిడ్డ కత్తెర ఆపింది. నా మొహం, వాళ్ల అవ్వ మొహం మార్చి మార్చి చూసింది.

"మిషన్ మంచిగనే ఉన్నది బాపూ" అన్నది. "అవ్వ నీతోని గొంతు పెట్టి ఎప్పుడు మాట్లాడింది? నాకు బుద్ధి తెలిసినసంది సూస్తున్న. మాతోని గొంతు పెడ్తది గని నీతోని ఉత్త మూతే ఆడిస్తది. నీకు తెలుసనుకున్నం."

నేను మా ఇంటిదాని వైపు తిరిగాను. ఆమె దొరికిపోయినదానిలా కొంగు సర్దుకున్నది. ఎందుకు అన్నాను. "కార్ఖానల అలవాటు" అని మూతి ఆడించింది. "నీకు సమజైతనే ఉండె గదా. ఇంక గొంతెందుకు?"

మరి ఇన్నేళ్లూ నేను విన్నది ఎవరి గొంతు? విన్నాను, ఒట్టు. రోజూ విన్నాను. కందిపప్పు సంగతి చెప్పినప్పుడు, గడప దగ్గర నిలబడి గట్టిగా తగిలిందా అన్నప్పుడు, నా చెవిలో గొంతు ఉంది. గలగలమనే గొంతు. ఆలోచిస్తూ కూర్చుంటే మెల్లగా తెలిసింది. అది పెళ్లయిన కొత్తలో బతుకమ్మ దగ్గర విన్న గొంతు. ఆమె మూతి కదిలినప్పుడల్లా నేను దాన్నే తెచ్చి పెట్టుకుంటూ వచ్చాను. ఆమె జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, ఆ గొంతుకు మాత్రం వయసు రాలేదు.

"ఒక్కసారి గొంతు పెట్టి మాట్లాడు" అన్నాను.

వద్దని చెయ్యి ఊపింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచీ గొంతు బొంగురు పోయిందని, నాలుగు మాటలకే దమ్ము వస్తుందని సైగ చేసింది. నేను వినలేదు. బిడ్డ కూడా "మాట్లాడవే అవ్వా" అన్నది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"నీతోని మాట్లాడేతందుకు గొంతు పెట్టుడు ఊపిరి దండుగయ్యా" అన్నది.

సన్నని గొంతు. మధ్యలో రెండుచోట్ల తెగింది. ఎవరో ముసలామె గొంతు, వీధిలో వినపడితే నేను తల కూడా తిప్పను. దాన్ని నేను ఎరగను. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ గొంతు ముసలిదవుతున్నప్పుడు ఒక్కరోజు కూడా వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కంగారుపడి మంచం మీదినుంచి ముందుకు వంగి, మళ్లీ మూతి ఆడించబోయింది.

"గట్ల గాదు" అన్నాను. "గొంతు పెట్టి చెప్పు. ఇంకో మాట చెప్పు."